చివరి వాక్యం ఎవరిది?

డాక్టరేట్ పూర్తయ్యాక ప్రొఫెసర్ టిల్డెన్ దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరిన నాలుగేళ్ళలో మారిట్‌కి ఆయన నోటి నుంచి దక్కిన మెచ్చుకోలు ఒకే ఒక్కటి. అది ఆమె చేసిన ప్రయోగానికీ కాదు, రాసిన వ్యాసానికీ కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాసిన వ్యాసాన్ని చీల్చి చెండాడిన తీరుకి.

సంగతేమిటంటే, పరిశోధన పత్రికలవాళ్ళు తమకు వచ్చిన వ్యాసాన్ని అచ్చు వేసే ముందు ఆ విద్యలో తలపండినవాళ్ళకి పంపి బాగోగులు చెప్పమంటారు. తలపండినవాళ్ళకి తీరిక ఉండదు. వాళ్ళు ఆ పనిని కిందనున్న కుర్రకారు మీదికి తోసేసి, వాళ్ళు రాసిచ్చినదాన్ని తమ పేరు మీద పంపేస్తారు. ఇది తప్పని అందరికీ తెలుసు, అందరూ చేస్తారు, ఎవరూ పైకి అనరు. అమెరికాలో డులూత్ ఊళ్ళోని ఆ సరస్సుల పరిశోధనశాలలో ఈ తతంగానికి ఒక మర్యాదైన పేరు కూడా ఉండేది. శిక్షణ అనేవారు.

మారిట్ చేరిన నాలుగో నెలలో టిల్డెన్ ఆమె బల్ల మీద అలాంటి వ్యాసం ఒకటి పడేశారు.

"శుక్రవారానికల్లా కావాలి. పది తప్పులు దొరకలేదంటే నువ్వు సరిగ్గా చదవలేదన్నమాట," అనేసి తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఏం వెతకాలో, ఎలా రాయాలో ఆయన చెప్పలేదు. అడిగితే తెలివితక్కువదాన్ననుకుంటారేమోనని ఈమె అడగలేదు. అది సరస్సు అడుగు బురదను పొరలు పొరలుగా కోసి, ఏ పొర ఏ ఏటిదో తేల్చిన వ్యాసం. ఆ పత్రికలో రాసినవాళ్ళ పేర్లు దాచి పంపుతారు కాబట్టి ఎవరిదో తెలియదు. మారిట్ మూడు రోజులు కూర్చుని పన్నెండు తప్పులు పట్టింది. వాటిలో సగం ఆమెకే సరిగ్గా బోధపడలేదు. బోధపడని చోటల్లా తప్పు రాసినవాళ్ళదేనని తేల్చేసి, ఆఖరున ఒక విసురు విసిరింది: "ఈ వ్యాసంలో స్పష్టంగా ఉన్నది బురద ఒక్కటే."

టిల్డెన్ గదిలోంచి పగలబడి నవ్వు వినిపించింది. ఆయన తలుపులోంచి తల బయటికి పెట్టి, "ఇదిగో, ఇప్పుడు శాస్త్రవేత్తలా రాస్తున్నావమ్మాయ్!" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మారిట్ ఏడాది బతికింది. ఆ విసురును తన స్నేహితురాళ్ళకి ఫోన్లో చెప్పి నవ్వించింది కూడా. ఆ తర్వాత అలాంటి శిక్షణ ఇంకో నలభైసార్లు జరిగింది, ఆ వ్యాసం సంగతి ఆమె మరిచిపోయింది.

ఈ ఏడాది ఏప్రిల్లో, సరస్సు మీద ఇంకా మంచు తెప్పలు తేలుతుండగా, పరిశోధనశాలకి కొత్త టెక్నీషియన్ వచ్చింది. పేరు డెల్ఫిన్ మిషో. అమెరికా తూర్పు కొసనున్న మెయిన్ రాష్ట్రంలో ఉత్తరాన బంగాళాదుంపలు పండించే ఇంటి పిల్ల, ముప్ఫై ఐదేళ్ళు ఉంటాయి. పరికరాలు బాగుచేయడం, బురద కోయడం, పొరల వయసు తేల్చే లెక్కింపు యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. డాక్టరేట్ లేదు. ఆ చదువు ఆరో ఏడులో మానేశానని మాత్రం చెప్పింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆ మాట అక్కడ చావు కబురుతో సమానం.

వచ్చిన రెండో వారంలో మారిట్ చల్లగదిలో బురద కోస్తుంటే డెల్ఫిన్ వచ్చి పక్కన నిలబడింది. సరస్సు అడుగులోకి గొట్టం దించి తీసిన బురద అది, మీటరు పొడుగున కడ్డీలా ఉంటుంది. దాన్ని కింది నుంచి కొంచెం కొంచెంగా పైకి నెడుతూ, పైకి వచ్చినంత మేరా రేకుతో కోసి సంచుల్లో వేసుకోవాలి. డెల్ఫిన్ ఐదు ముక్కల దాకా చూసింది.

"ఇది నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. వీడియో చూసి నేర్చుకున్నా."

"అయితే తప్పు వీడియోవాడిది, నీది కాదు. చూడు, గొట్టాన్ని కిందికి నొక్కినప్పుడు పైనున్న కొత్త బురద గోడకి అంటుకుని కిందిదాకా జారుతుంది. వందేళ్ళనాటి ముక్క అంచుకి నిన్నటి బురద పూసుకుని ఉంటుంది. అంచు చుట్టూ తీసేసి మధ్య ముక్క మాత్రమే ఉంచుకోవాలి. ఇలా. రేకు వాల్చి పట్టుకో. ఆఁ, అంతే."

మారిట్ చేతిలో రేకు ఆగిపోయింది. మూడున్నరేళ్ళుగా ఆమె కోసిన ఏ ముక్కకీ అంచు తీయలేదు. ఇప్పుడా లెక్కలన్నీ చెత్తబుట్టకే. ఆమె మొహం చూసి డెల్ఫిన్‌కి అర్థమైంది.

"ప్రతి చోటా తీసిన జత గొట్టం కోయకుండా దాచే ఉందిగా, తల్లీ. మళ్ళీ కోద్దాం. వేసవి ఉంది, నాలుగు చేతులున్నాయి."

వేసవంతా కోశారు. మారిట్ పదిసార్లు తప్పు చేస్తే డెల్ఫిన్ పదిసార్లు చూపించింది, ఒక్కసారి కూడా నిట్టూర్చలేదు. "ఇంకోలా చేస్తే ఏమవుతుందో చూద్దామా?" అనేది. లెక్కింపు యంత్రం ఎప్పుడు అబద్ధమాడుతుందో ఎలా పసిగట్టాలో నేర్పింది. వ్యాసంలో ఒక పేరా ఎందుకు కుంటుతోందో చెప్పింది. ఇన్నేళ్ళ చదువులో మారిట్‌కి దొరికిన మొదటి గురువు ఆమె. చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉన్నా, ఉదయాన్నే లేచి పనికి వెళ్ళాలనిపించడం మారిట్‌కి కొన్నేళ్ళలో అదే మొదలు.

సెప్టెంబరులో ఒకరోజు డెల్ఫిన్ తన సొరుగు లాగి కాగితాల కట్ట చూపించింది.

"డాక్టరేట్ మళ్ళీ మొదలుపెడదామా అని. ఇక్కడే, పక్క డిపార్ట్‌మెంట్‌లో ఒకావిడ తీసుకుంటానంటోంది. డిసెంబరు ఒకటి ఆఖరు తేదీ. సగం రాశాను. మిగతా సగం రాయడానికి కూర్చున్నప్పుడల్లా చెయ్యి ఆగిపోతోంది."

"ఎందుకాగుతుంది? నీకన్నా బాగా ఈ పని తెలిసినవాళ్ళు ఈ భవనంలో ఎవరున్నారు?" అంది మారిట్, మనస్ఫూర్తిగానే.

"నీకలా అనిపిస్తుంది. తెలిసినవాళ్ళు ఒకరు వేరేలా అన్నారులే," అని డెల్ఫిన్ సొరుగు మూసేసింది.

నవంబరు రెండో సోమవారం అందరూ కలిసి భోజనం చేసే రోజు. పెద్ద గిన్నెలో అడవి బియ్యం సూపు, రొట్టెలు. రెండో ఏడు విద్యార్థిని కియా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె మొట్టమొదటి వ్యాసాన్ని పత్రికవాళ్ళు తిప్పి పంపారు. సమీక్ష రాసినవాడు ఆమెకి ఇంగ్లీషు రాదేమోనన్నాడట. పాపం, ఆ పిల్ల పుట్టి పెరిగింది ఇదే రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లోనే.

"ఏడవకు కియా. నాకొచ్చినదాని ముందు నీది ప్రేమలేఖ," అంది డెల్ఫిన్, రొట్టె తుంచుతూ. "వింటావా? నాకిప్పటికీ నోటికొచ్చు. 'ఈ వ్యాసంలో స్పష్టంగా ఉన్నది బురద ఒక్కటే.'"

బల్ల చుట్టూ అందరూ ఘొల్లుమన్నారు. కియా కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వేసింది. టిల్డెన్ చెంచా గాలిలో ఆపి, అచ్చం ఆనాటి నవ్వే నవ్వారు. "భలే ఉంది! ఎవడో గానీ చెయ్యి తిరిగినవాడే!" అన్నారు. ఆయనకి గుర్తులేదు. ఏడాదికి ఇరవై ముప్ఫై పంపే మనిషికి ఎందుకు గుర్తుంటుంది?

మారిట్ కూడా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది, నవ్వకపోతే ఎవరైనా తనవైపు చూస్తారేమోనని. అలా నవ్వుతూనే లేచి వెళ్ళి, బాత్రూమ్‌లో తలుపు గడియ వేసుకుని, అద్దంలో తన మొహం చూడలేక చేతులు కడుక్కుంటూ నిలబడింది. నెత్తి నుంచి అరికాలి దాకా సిగ్గు ముంచెత్తింది. రాసినందుకు సిగ్గు, ఇన్నాళ్ళూ దాన్ని చూసుకుని మురిసినందుకు అంతకన్నా సిగ్గు, ఇప్పుడు నవ్వినందుకు మరీ సిగ్గు.

తన గదికి వెళ్ళి పాత ఫైళ్ళన్నీ తవ్వింది. దొరికింది. ఏడో తప్పు: "ప్రతి ముక్క అంచునూ ఏ కారణమూ లేకుండా కోసి పారేశారు. ఇది పని తెలియనితనం." ఆ రోజుల్లో అంచు ఎందుకు తీస్తారో తనకి తెలియదు. వ్యాసంలో కారణం రెండు వాక్యాల్లో రాసే ఉంది, చదివి కూడా నమ్మలేదు. కిందికి వెళ్ళింది. బురద విసురు కనిపించింది. దాని కింద ఇంకో వాక్యం ఉంది. అది రాసినట్టు మారిట్‌కి ఏ కోశానా గుర్తులేదు.

"ఈ వృత్తి తనకు తగినదేనా అని రచయిత ఆలోచించుకోవడం మేలు."

ఆ మాట టిల్డెన్‌ది. ఎవరి పని నచ్చకపోయినా వరండాలో నిలబడి అందరికీ వినబడేలా ఆయన అనే మాట. కొత్తలో మారిట్ దాన్ని విని, ఈ విద్యలో పెద్దవాళ్ళు ఇలాగే మాట్లాడతారు కాబోలనుకుని తెచ్చి పెట్టుకుంది. మాట ఆయనదైతేనేం, రాసిన చెయ్యి తనది. బల్ల దగ్గర డెల్ఫిన్ ఈ వాక్యం చెప్పలేదు. మొదటిది నలుగురికీ చెప్పి నవ్వించి, రెండోది లోపలే దాచుకుందని మారిట్‌కి అప్పుడు తెలిసింది. సొరుగు దగ్గర చెయ్యి ఎందుకు ఆగిపోతోందో కూడా తెలిసింది.

మర్నాడు టిల్డెన్ గదికి వెళ్ళింది. ఏం చేయాలో ఆయనే చెప్తారని ఆశ. నాలుగేళ్ళయినా ఆ ఆశ చావలేదు.

"ఓ, అది మనదేనా!" అని ఆయన మళ్ళీ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగారు. "చూడు మారిట్, ఇవన్నీ రహస్యంగా ఉండాల్సినవి. పాత గాయాలు కెలకడం ఎందుకు?"

"ఆమె చదువు మానేసింది, ప్రొఫెసర్."

"ఒక్క సమీక్షకే మానేసే మనిషి ఎప్పుడో ఒకప్పుడు మానేసేదే. నా గురువు నా మొదటి వ్యాసాన్ని కిటికీలోంచి విసిరేశాడు, తెలుసా? వెళ్ళి మంచులోంచి ఏరుకొచ్చుకున్నా."

"నాకసలు ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదండీ," అంది మారిట్.

"నాకు మాత్రం ఎవరు చెప్పారు?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. తర్వాత కొంచెం మెత్తబడ్డారు. చెడ్డవాడని చెప్పడానికి లేదు, ఆ మనిషికి మనసులో ఏదీ ఎక్కువసేపు నిలవదు, అంతే. "అంత బాధగా ఉంటే నేనే రాశానని చెప్పెయ్. పంపింది నా పేరు మీదేగా. నా తోలు మందం."

మారిట్ మూడు వారాలు చెప్పలేదు. ఈ మూడు వారాల సంగతి వివరంగా రాస్తే ఆమె మీద చదివేవాళ్ళకి జాలి పుడుతుంది, అందుకే రాయడం లేదు. డెల్ఫిన్ రోజూ లాగే పని నేర్పింది. ఒక ఉదయం వాళ్ళ ఊరి ప్లోయ్‌లు, ఒకవైపే కాల్చే పల్చటి అట్లు, వెన్నా బెల్లంపాకం రాసి డబ్బాలో తెచ్చింది. "తిను, చిక్కిపోయావు," అంది. మారిట్ తింది. బాగున్నాయంది.

థాంక్స్‌గివింగ్ సెలవులైపోయిన తెల్లారి సోమవారం. గడువుకి ఇంకా రెండు రోజులున్నాయి. చల్లగదిలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఆఖరి గొట్టం కోస్తున్నారు.

"దరఖాస్తు పంపావా?" అని అడిగింది మారిట్.

"లేదు. పంపుతానో లేదో కూడా తెలీదు."

"డెల్ఫిన్, ఆ బురద వాక్యం నేను రాశాను."

డెల్ఫిన్‌కి మొదట అర్థం కాలేదు. తమాషా అనుకుని సగం నవ్వింది. మారిట్ మొత్తం చెప్పింది. వ్యాసం టిల్డెన్‌కి వచ్చిందనీ, ఆయన తనకిచ్చారనీ, పన్నెండు తప్పులనీ, ఏడో తప్పు తనకి తెలియక రాసినదనీ, అంచు తీయడమే సరైనదని తనకి నేర్పింది ఆమేననీ. చెప్తున్నంతసేపూ నేల వైపే చూసింది.

డెల్ఫిన్ రేకును పళ్ళెంలో పెట్టింది.

"అయితే ఆ జోకు నీదన్నమాట," అంది. "బాగుంటుందే. ఎంతమందికి చెప్పుకున్నానో." తర్వాత అడిగింది. "మరి దాని కింద ఇంకోటి ఉంది. అది ఎవరిది?"

ఇక్కడే మారిట్ తలెత్తింది. ఎదురుగా డెల్ఫిన్ కళ్ళు. ఏడు నెలలుగా తనని ఒక్కసారి కూడా చిన్నబుచ్చని కళ్ళు. నాదే అంటే ఇక ఆ కళ్ళు తనవైపు అలా చూడవు.

"అది టిల్డెన్‌ది," అంది. మాట ఆయనదే కదా, ఆయనే చెప్పమన్నారు కదా అని లోపల ఎవరో గబగబా సర్దిచెప్పారు.

డెల్ఫిన్ గట్టిగా ఊపిరి వదిలింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి మారిట్‌ని దగ్గరికి తీసుకుంది.

"పిచ్చిదానా! దీనికా ఇన్నాళ్ళూ తిండి మానేశావు? నాలుగు నెలల కొత్తదానివి, నీకేం తెలుసని? నీ మీద నాకేం కోపం లేదు."

మారిట్ ఆ భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది. ఉపశమనంతో ఏడ్చిందంటే నమ్మాలి. ఆ నిమిషంలో ఆమెకి నిజంగానే ప్రాణం తేలికపడింది.

"నిజం చెప్పాలంటే నువ్వు చెప్పడమే మంచిదైంది," అంది డెల్ఫిన్, చేతి తొడుగులు సర్దుకుంటూ. "నాకెప్పుడూ ఒక పురుగు తొలిచేది. రాసినవాడు ఎవడో తెలిసీ తెలియనివాడై ఉంటే? వాడి మాట పట్టుకుని నేను అన్నీ వదిలేసి వచ్చానేమో? ఆ అనుమానంతోనే దరఖాస్తు సగం రాశాను. టిల్డెన్ అంటే ముప్ఫై ఐదేళ్ళుగా సరస్సులు చూసినాయన. మనిషి ఎలాంటివాడైనా బురద విషయంలో ఆయన కన్ను తప్పదు, రోజూ చూస్తున్నాగా. ఆయన చదివి, ఆలోచించి, ఆ మాటన్నాడంటే ఇక అనుకోవడానికేముంది? పోనీలే. టెక్నీషియన్‌గా బాగానే ఉన్నాను. ఆ కాగితాలు ఈ సాయంత్రం చింపేస్తా, మనసు కుదుటపడుతుంది."

మళ్ళీ రేకు తీసుకుంది. "రా, ఇంకా ముప్ఫై ముక్కలున్నాయి."

మారిట్ సంచి పట్టుకుంది. డెల్ఫిన్ ఒక ముక్క కోసింది, రెండో ముక్క కోసింది. మారిట్ వాటి మీద తేదీ రాసింది, అంకె రాసింది. ఊరుకుంటే చాలు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. టిల్డెన్ గుర్తుపెట్టుకోరు, ఫైలు తీసేస్తే పోతుంది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి భోజనానికి వెళ్తారు, రేపు పొద్దున డెల్ఫిన్ ఇంకేదో నేర్పుతుంది.

మూడో ముక్క.

"అదీ నేనే రాశాను," అంది మారిట్.

"ఏది?"

"వృత్తి గురించి రాసింది. టిల్డెన్ దాన్ని చదివాడో లేదో కూడా తెలీదు, బురద జోకు దగ్గరే నవ్వుతూ ఆగిపోయుంటాడు. ఆలోచించి అన్నదేం కాదది. ఆయన వరండాలో అంటుంటే విని కాపీ కొట్టాను. ఇందాక నీకు అబద్ధం చెప్పాను."

డెల్ఫిన్ మొహంలో రంగు మారడం మారిట్ చూసింది. ఈసారి కళ్ళు దించుకోలేదు, దించుకునే హక్కు కూడా తనకి లేదనిపించింది.

"అది రాసేనాటికి," డెల్ఫిన్ ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ అడిగింది, "నువ్వు ఎన్ని గొట్టాల బురద కోశావు?"

మారిట్ చేతిలోని సంచిని బల్ల మీద పెట్టింది.

"ఒక్కటీ లేదు."

"ఒక్కటీ లేదా?"

"లేదు. నా మొదటి గొట్టం ఆ తర్వాతి నెలలో."

డెల్ఫిన్ స్టూలు మీద కూర్చుంది. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుంది. "నేను అప్పటికి రెండు వందల పదకొండు కోశాను," అంది గోడతో చెప్తున్నట్టు. "ఆరేళ్ళు. ఆ వాక్యం వచ్చిన వారంలో మా ఊరెళ్ళిపోయి రెండేళ్ళు మా నాన్న దుంపల షెడ్డులో గ్రేడింగ్ చేశాను. ఎవరైనా ఎందుకు మానేశావంటే, పెద్దవాళ్ళు వద్దన్నారు అని చెప్పేదాన్ని." ఆమె నవ్వలేదు, ఏడవలేదు. "పెద్దవాళ్ళు!"

"డెల్ఫిన్, నేను..."

"వద్దు. క్షమించమని మాత్రం ఇప్పుడు అడగకు. ఇందాక అడక్కుండానే ఇచ్చాను, అది నువ్వు అబద్ధం చెప్పి తీసుకున్నావు."

ఆమె లేచి చేతి తొడుగులు ఒక్కొక్కటే విప్పి చెత్తబుట్టలో వేసింది. కోటు అందుకుంది.

"ఇంకా ఇరవై ఏడు ముక్కలున్నాయి. ఒక్కదానివే కొయ్యి. ఇకనుంచి నీకు నేర్పడం నా వల్ల కాదు, మారిట్. ఎప్పటికైనా అవుతుందేమో తెలీదు."

"సరే," అంది మారిట్.

"ఎల్లుండి గడువు. నాకు రాసుకునేది ఉంది."

తలుపు మూసుకుంది. మారిట్ మొహం మంటెక్కినట్టు కాలుతోంది. పరుగెత్తి వెళ్ళి, దరఖాస్తుకి ఏమైనా సాయం కావాలా అని అడగాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? అడిగితే డెల్ఫిన్ ఏమంటుందో ఆమెకి తెలుసు. నాలుగో సంచి తీసి, దాని మీద తేదీ రాయడం మొదలుపెట్టింది. అంకె తప్పు పడింది, ఇంకో సంచి తీసుకుంది.